నెత్తికి రాసుకో అవ్వా

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా, అటు కోదాడ పొలిమేర దాకా ఎక్కడైనా అడగండి. తిరుపతి అంత గుండె ధైర్యం ఉన్న పిల్లగాడు ఇంకొకడు లేడని చెప్తారు. చెప్పేది ఎక్కువగా నేనే అనుకోండి. బల్లి కనపడితే కుర్చీ ఎక్కుతాను, అది వేరే సంగతి. ఓసారి కుక్క వెంటపడితే కొత్త బండిని స్టార్టింగ్‌లోనే వదిలేసి ఉరికాను, అది కూడా వేరే సంగతే.

ఈ మధ్య నన్ను చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "తిరుపతీ, నడిచి వచ్చినా చేతిల ఆ హెల్మెట్ ఏంది?" అని. ట్రాఫిక్ రూల్స్ మారినయ్ అని చెప్తున్నాను. ఎవరూ నమ్మడం లేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను, కొంచెం సిగ్గు చచ్చాక.

బస్టాండ్ వెనక గల్లీలో నాదొక బ్యాంకు మిత్ర పాయింటు. పాయింటు అంటే ఏమీ లేదు, ఒక షట్టర్, ఒక ల్యాప్‌టాప్, వేలిముద్ర తీసే చిన్న మిషను, తిరగని ఫ్యాను. పింఛన్లు ఇస్తాను, పైసలు పంపిస్తాను, ఖాతాలు తెరుస్తాను, ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేస్తాను, తీస్తాను. బ్యాంకులో నిలబడాలి, నా దగ్గర కూర్చోవచ్చు. పైగా నా వెక్కిరింతలు ఉచితం.

మా పనిలో పెద్ద తలనొప్పి ముసలివాళ్ల వేళ్లు. నాట్లు వేసి, గిన్నెలు తోమి, సిమెంటు మోసి అరిగిపోయి ఉంటాయి. మిషను మీద పెడితే ఎర్రలైటు వెలుగుతుంది, 'మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. దానికి మా దగ్గర ఒకటే మందు. బొటనవేలిని తల మీద నాలుగుసార్లు రుద్దుకోమంటాం. తలకున్న నూనె, వెచ్చదనం వేలికి అంటి ముద్ర తేలుతుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నా నోట ఒకటే మాట: "నెత్తికి రాసుకో అవ్వా." నిద్రలో కూడా అదే అంటానని మా అమ్మ చెప్తుంది.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది భాగ్యమ్మ.

మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. చీపురు పట్టిన చెయ్యి కదా, బొటనవేలు సబ్బుబిళ్లలా నున్నగా ఉండేది. జుట్టుకి మాత్రం ఆముదం దట్టంగా పట్టించేది. ఆమె గల్లీ మొదట్లో ఉండగానే నా ముక్కుకి తెలిసిపోయేది.

"అవ్వా, గీతలన్నీ సూర్యాపేట రోడ్ల మీదనే ఊడ్చి పారేసినవ్. ఇగ నా మిషన్‌కేం జూపిస్తవ్?"

"నీ నోట్ల మన్నువడ! నేను ఊడ్వకపోతె నీ దుకాణంల ముక్కు మూసుకోని కూసుందువు."

"నెత్తికి రాసుకో అవ్వా."

రాసుకునేది. చెప్పినట్టు చేసేది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేది వేలు. చదువు రాదు, తెర మీద ఏముందో తెలియదు. నా మొహం చూసేది, అంతే.

ఆమె రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఫిక్స్‌డ్ చేసింది నా దగ్గరే. వరుసలో చాలామంది ఉన్నారు ఆ రోజు. "నామినీ ఎవరు అవ్వా?" అన్నాను.

"అంటే?"

"అంటే, నువ్వు పోయినంక ఈ పైసలు ఎవలకు ఇయ్యాలె అని."

అటూ ఇటూ చూసింది. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "కృపకు. మా చిన్నబిడ్డకు. మిర్యాలగూడల రైస్‌మిల్లుల పనిచేస్తది. బెల్టుల పడి కుడిచేతి వేళ్లు మూడు పోయినయ్ తిరుపతీ. ఆ చెయ్యి జూసి మొగడు ఇడిసిపెట్టిండు. మిల్లోళ్లు ఎన్నొద్దులు ఉంచుకుంటరు? నేను బతికున్నన్నొద్దులు పింఛన్‌ల ఇంత ఇస్త. నేను పోయినంకనే దానికి కష్టం."

"మరి నీ కొడుకు జయరాజన్నకు?"

"వానికి ఇల్లిచ్చిన. టెంట్‌హౌస్ పెట్టిచ్చిన. సాలదా?"

బొటనవేలు తలకి రాసుకుని మిషను మీద పెట్టింది. పచ్చలైటు వచ్చింది. వేలు తియ్యకుండానే అడిగింది, "కృపకేనా?"

"కృపకే అవ్వా."

"మళ్లొకసారి సూడు బిడ్డా. కృపకేనా?"

"కృపకే, కృపకే. తెర మీద పెద్ద అక్షరాలల్ల రాసింది."

"మరి నేను సచ్చినంక దానికియ్యకపోతె?"

అప్పుడు నా నోరు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "అట్లయితే నువ్వే లేచి రా అవ్వా! బొటనవేలు తెచ్చుకుంటె సాలు, వేరే కాయితం అడగ."

వరుసలో ఉన్నవాళ్లంతా పడిపడి నవ్వారు. భాగ్యమ్మ కూడా బోసినోటితో నవ్వింది. "వస్త తియ్యి. నీ దుకాణమే గదా. తొవ్వ ఎరికే," అంది.

*

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం జయరాజన్న ఫోన్ చేశాడు. పొద్దున్నుంచి ముసురు. గిరాకీ లేక నేను షట్టర్ సగం దించి కూర్చున్నాను.

"తమ్మీ, అమ్మకు బాగలేదు. మంచం మీదికెల్లి లేస్తలేదు. ఇంటికొచ్చి ఒక్క వేలిముద్ర తీస్కపోవా? దవాఖానకు పైసలు గావాలె."

లేవలేనివాళ్ల ఇంటికి వెళ్లడం మామూలే. మిషను, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బయలుదేరాను. కోదాడ వైపు పోయే రోడ్డు మీద, కాలనీ చివర వాళ్ల ఇల్లు. వాకిట్లో టెంట్‌హౌస్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి తడుస్తున్నాయి. పెళ్లిళ్ల గేటుకు కట్టే థర్మకోల్ హంసలు రెండు గోడకు ఆనించి ఉన్నాయి. ఒకదానికి మెడ లేదు.

నేను చెప్పులు విడుస్తుంటే కరెంటు పోయింది.

తలుపు తీసింది స్వప్న వదిన, జయరాజన్న భార్య. పుట్టిల్లు కోదాడ, మాట కాస్త ఆంధ్ర వైపుకి జారుతుంది. చేతిలో కొవ్వొత్తి. "రా తమ్ముడూ, తడిసిపోయావేంటి, చాయ్ తాగుదువుగాని," అంది. నేను లోపలికి రాగానే తలుపు గడియ పెట్టింది. వాన జల్లు కొడుతుందేమో అనుకున్నాను.

లోపలి గది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గోడ మీద సిలువ బొమ్మ ఉన్న చర్చి క్యాలెండర్. ఊదుబత్తి పొగ కళ్లలో గుచ్చుకుంటోంది. ఆ పొగ కింద ఆముదం వాసన. ఆముదం కింద ఇంకేదో వాసన... చేపల వాసన. వీళ్లింట్లో ఇయ్యాల చేపల కూర అనుకున్నాను.

మంచం మీద భాగ్యమ్మ. మెడ దాకా దుప్పటి. మొహం గోడ వైపు తిరిగి ఉంది. మంచం పక్కన స్టూలు మీద జయరాజన్న.

టప్... టప్... టప్...

ఎక్కడో నీళ్లు చుక్కలు పడుతున్నాయి.

"ఇల్లు ఉరుస్తుందా అన్నా?"

"ఆఁ. ఆ మూలకు ఉరుస్తది." ఏ మూలకో చూపించలేదు.

నేను నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. నా వేలు పెట్టి మిషను తెరిచాను. అలవాటుకొద్దీ పలకరించాను. "ఏం అవ్వా, మంచం పట్టినవంట? రోడ్లు ఎవలు ఊడ్వాలె?"

పలకలేదు.

"మందులిచ్చిండ్రు, పండుకుంది," అన్నాడు జయరాజన్న. "లేపకు. చెయ్యి నేను పెడత, నువ్వు మిషన్ పట్టు. ఫిక్స్‌డ్ తియ్యాలె. పైసలు ఆమె ఖాతాల్నే వేసెయ్యి."

ఆమె ఖాతాలోకే కదా. నాకేం తప్పనిపించలేదు. దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి లాగి, బొటనవేలిని మిషను మీద అదిమాడు.

ఎర్రలైటు.

ఇంకా గట్టిగా అదిమాడు. ఎర్రలైటు. చెమట తుడుచుకుని మళ్లీ అదిమాడు. ఎర్రలైటు.

"తడి ఉన్నట్టుంది, ఆగన్నా," అని నా జేబురుమాలు తీసి ఆ వేలు తుడవబోయాను.

వేలు ఐసులా ఉంది.

మామూలు చల్లదనం కాదు. చలిజ్వరం వచ్చిన చెయ్యి లోపల ఎంతో కొంత వెచ్చగా ఉంటుంది. దీనికి లోపల కూడా చలే. వదిలేస్తే చెయ్యి పడిపోలేదు. పట్టుకున్న చోటే, గాలిలో, బిగుసుకుని నిలబడింది.

టప్... టప్...

మంచం కిందికి చూశాను. గోనెసంచులు. వాటిలో ఐసుదిమ్మలు. చేపల దుకాణం నుంచి తెచ్చినవి. కరిగి, రెండు ఇటుకల మీద నుంచి బండల మీదికి చుక్కలు చుక్కలుగా...

భాగ్యమ్మకు బాగలేకపోవడం కాదు. భాగ్యమ్మ లేదు.

"ఎప్పుడన్నా?" అన్నాను.

"పొద్దుగాల." బజారు నుంచి కూరగాయలు తెచ్చినట్టు చెప్పాడు. "సప్పుడు జెయ్యకు. నీకు తెల్వని ముచ్చటనా? అమ్మ పోయిందని బయటపడితె ఆ ఫిక్స్‌డ్ కృపకు పోతది. నామినీ అది. నాకు ఒక్క రూపాయి రాదు. అదే పైసలు అమ్మ మామూలు ఖాతాల పడ్డయనుకో... ఆ ఖాతా తెరిచినప్పుడు పక్కన నేనున్న. దానికి నామినీ నేను. రేపు పొద్దున లేచి ఏడుస్త. అమ్మ రాత్రి పోయింది అని చెప్త. అంతే."

ఒకే మనిషి, ఒకే డబ్బు. ఈ అరలో ఉంటే కూతురిది, పక్క అరలోకి జరిగితే కొడుకుది. అంత చిన్న జరుగుడు. దానికి ఒక్క బొటనవేలు కావాలి.

నేను లేచి ల్యాప్‌టాప్ మూయబోయాను. జయరాజన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏడికి? మిషన్ నీది. నీ వేలితోని తెరిచినవ్. అమ్మ వేలు మూడుసార్లు పెట్టినట్టు లోపట ఎక్కింది. బయటికివోయి ఏమని చెప్తవ్? సచ్చినామె వేలు పట్టిన అని చెప్తవా?"

స్వప్న వదిన చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. "భయపడకు తమ్ముడూ. ఐదు నిమిషాల పని," అంది మెత్తగా.

అప్పుడే ఫోను మోగింది. భాగ్యమ్మ ఫోను. దిండు పక్కన. తెర మీద వెలుగు ఆమె చెంప మీద పడింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అప్పటిదాకా చూడలేదు నేను.

కృప.

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. జయరాజన్న తీసి స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, అమ్మ ఫోనెత్తదేంది? పొద్దటి నుంచి చేస్తున్న."

"పండుకుంది."

"గీ యాళప్పుడా? జర చెవికాడ పెట్టవా? నా గొంతు వింటె లేస్తది."

పెట్టాడు. నా కళ్ల ముందే, ఆ తల్లి చెవి దగ్గర ఫోను పెట్టాడు.

"అమ్మా... ఓ అమ్మా... ఆదివారం రాలేకపోయిన. మిల్లుల సెలవియ్యలే. ఎల్లుండి వస్త. నెత్తికి నూనె నేనే వెడత, అందాక రాసుకోకు. ఇంటున్నవా? అన్నా, అమ్మ పలుకుతలేదు. పక్కన ఎవలో ఉన్నరు, దగ్గు వినవడ్డది. ఎవలు?"

దగ్గింది నేను. ఊదుబత్తి పొగకు.

జయరాజన్న ఫోను నా మొహం ముందు పెట్టాడు. కళ్లతోనే చెప్పాడు, మాట్లాడు అని.

"నేను... తిరుపతిని అక్కా. పింఛన్ కోసం వచ్చిన."

"తమ్మీ, నువ్వా! అమ్మ మంచిగుందా?"

టప్... టప్...

"మంచిగుంది అక్కా. పండుకుంది."

"నీ మాట మీద ధైర్యం తమ్మీ," అని పెట్టేసింది.

*

స్వప్న వదిన తెలివైంది. వేలు చల్లగా ఉండటం వల్లే పట్టడం లేదని కనిపెట్టింది. నాకిచ్చిన చాయ్ గ్లాసు తీసుకుని, పొగలు కక్కుతున్న ఆ గాజుకే అత్త బొటనవేలిని అదిమి పట్టుకుంది. మనకైతే చురుక్కుమని చెయ్యి లాక్కుంటాం. ఆ వేలు అలాగే ఉంది. "వేడెక్కింది చూడండి," అంది మొగుడితో, దోసెపెనం సంగతి చెప్పినట్టు.

పెట్టారు. ఎర్రలైటు.

మళ్లీ గ్లాసు. మళ్లీ ఎర్రలైటు. వేలిచివర తోలు తెల్లగా ఉబ్బింది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ పడిపోతోంది. జయరాజన్న నన్ను చూస్తున్నాడు. ఐసు కరుగుతోంది. ఇక్కడ నా జబ్బు ఒకటి చెప్పాలి మీకు. భయమేస్తే కొందరికి నోరు పడిపోతుంది. నాకు నోరు లేస్తుంది. ఏం అంటున్నానో నాకు తెలియదు, దుకాణంలో రోజంతా అనే మాట దానంతటదే జారింది.

"నెత్తికి రాసుకో అవ్వా."

అని, పిచ్చినవ్వు ఒకటి నవ్వాను.

జయరాజన్న నవ్వలేదు. స్వప్న వదిన నవ్వలేదు.

చుక్కల చప్పుడు ఆగింది.

దుప్పటి మీద ఉన్న చెయ్యి... కదిలింది.

జయరాజన్న రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. నేను చూశాను. వదిన చేతిలో గ్లాసుంది. ఎవరూ ముట్టుకోలేదు.

బిగుసుకుపోయిన మోచెయ్యి, ఎండిన కట్టె వంగినట్టు, చిన్నగా చిటపటమంటూ వంగింది. చెయ్యి పైకి లేచింది. మెల్లగా... చాలా మెల్లగా... తల దాకా పోయింది. బొటనవేలు పాపిట పక్కన ఆనింది.

సర్ర్... సర్ర్...

రుద్దుకుంటోంది.

సర్ర్... సర్ర్...

ఎప్పటిలాగే. నాలుగుసార్లు రుద్దుకుంటే చాలని నేనే నేర్పాను. ఆమె ఆపలేదు. మొహం గోడ వైపే ఉంది. చెయ్యొక్కటే పనిచేస్తోంది. తెల్లవెంట్రుకలు వేలికి చుట్టుకుని కుదుళ్లతో సహా ఊడి వస్తున్నాయి. ఆముదం వాసన గది నిండా... ఊపిరాడనంత...

వదిన చేతిలో గ్లాసు జారి పగిలింది.

చెయ్యి తల మీంచి దిగింది. గాలిలో కాసేపు ఆగింది. దేనికోసమో వెతికింది. నా చేతిలోని మిషను 'మళ్లీ ప్రయత్నించండి' అంది. ఆ చప్పుడు విని కాబోలు, ఇటు తిరిగింది. వచ్చింది. బొటనవేలు సరిగ్గా అద్దం మీద పెట్టింది.

ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి.

పచ్చలైటు.

ల్యాప్‌టాప్ 'టింగ్' అంది. ఫిక్స్‌డ్ మూసుకుంది. డబ్బు పక్క అరలోకి జరిగింది.

"అయ్యింది... అయ్యిందే..." అని జయరాజన్న గొణిగాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చీకట్లో తెలియలేదు.

వేలు మాత్రం మిషను మీంచి లేవలేదు.

నేను లాగాను. రాలేదు. అప్పుడు వినిపించింది. గోడ వైపు నుంచి. పెదవులు కదిలాయో లేదో నాకు కనపడలేదు. గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు, తడిగా...

"కృపకేనా?"

స్టూలు వెనక్కి తన్ని జయరాజన్న నా పక్కకి వచ్చాడు.

"మళ్లొకసారి సూడు బిడ్డా... కృపకేనా?"

జయరాజన్న నా చెవిలో నోరు పెట్టాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి వాడికి. అయినా అన్నాడు. "చెప్పు. కృపకే అని చెప్పు. చెప్తేనే ఇడుస్తది."

తెర మీద నామినీగా జయరాజన్న పేరు ఉంది. పెద్ద అక్షరాల్లో. ఆమెకు చదువు రాదు. నా మొహమే చూసేది.

"కృపకే అవ్వా," అన్నాను.

వేలు లేచింది. చెయ్యి మంచం మీద పడింది. టప్... టప్... చుక్కలు మళ్లీ మొదలయ్యాయి.

ఒకే సాయంత్రం రెండు అబద్ధాలు. ఒకటి బతికున్నామెకు, ఒకటి చచ్చిపోయినామెకు. ఇద్దరూ నమ్మారు.

*

మర్నాడు పొద్దున్నే కాలనీ అంతా తెలిసింది, భాగ్యమ్మ రాత్రి నిద్రలోనే పోయిందని. పోకపోతే అనుమానం వస్తుందని నేనూ పోయాను. పాస్టరయ్య ప్రార్థన చేస్తున్నాడు. జయరాజన్న పెట్టె మీద పడి ఏడుస్తున్నాడు. ఏడుపు నిజంగానే బాగుంది.

కృపక్క మిర్యాలగూడ నుంచి మొదటి బస్సుకి వచ్చింది. ఏడవలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసింది. రెండు వేళ్ల చెయ్యితో అమ్మ తలకి ఆముదం పెట్టడం మొదలుపెట్టి, ఆగిపోయింది.

"వదినా, ఈ పక్కంత ఎంటికలు ఊడినయేంది? తోలు గూడ లేసిపోయింది."

"నిన్న నేనే నూనె రాశానమ్మా. మరీ గట్టిగా రాసినట్టున్నాను," అంది స్వప్న వదిన, కళ్లొత్తుకుంటూ.

సంతాప కూడిక అయిపోయాక ఒక మధ్యాహ్నం కృపక్క నా దుకాణానికి వచ్చింది. ఫిక్స్‌డ్ కాగితం బల్ల మీద పెట్టింది. మడతలు విప్పడానికి రెండు వేళ్లతో చాలాసేపు తంటాలు పడింది.

"బ్యాంకుకు పోయిన తమ్మీ. 'మీ అమ్మనే క్లోజ్ జేసుకుంది, వేలిముద్ర మంచిగ పడ్డది' అన్నరు. పోయే ముందటి రోజేనట. నువ్వున్నవ్ గదా ఆనాడు. అమ్మ ఏమన్నది?"

నేను మిషను అద్దాన్ని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాను.

"ఆదివారం రాలేదని కోపమొచ్చిందా? నా పేరెందుకు తీసేసింది?"

"ఏమో అక్కా," అన్నాను.

తల ఊపింది. కాగితం మళ్లీ మడత పెట్టుకుంది. "పోనీ తియ్యి. అమ్మ ఇష్టం," అని లేచింది. గల్లీ చివరిదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నేను అప్పటికే వంగి బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాను.

ఆ రాత్రి నుంచి మొదలైంది.

పొద్దున లేస్తే దిండు జిడ్డుగా ఉంది. నేను తలకి నూనె రాయను, జెల్ రాస్తాను. వాసన చూశాను. ఆముదం. మా అమ్మను అడిగితే, "ఇంట్ల ఆముదం ఏడిదిరా?" అంది. రెండో రోజు, మూడో రోజు అంతే. నా తలలో కుడిపక్క ఒక్క చోటే. తెల్లవారుజామున సగం నిద్రలో వినపడుతుంది కూడా... సర్ర్... సర్ర్... మెల్లగా, ఓపికగా. ముద్ర తేలేదాకా రుద్దుతున్నట్టు. మళ్లీ ఒకసారి పెట్టి, డబ్బును వెనక్కి జరపాలన్నట్టు.

జయరాజన్నకు ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. బంగారంలా ఉన్నాడు. కొత్త కారు కొన్నాడు, వదిన ఒళ్లు చేసింది. కొడుకు మీద అవ్వకు ఎప్పుడూ నమ్మకం లేదు కదా, వాడి దగ్గరికి పోయి ఏం లాభం? ఆమె నమ్మింది నన్ను. తొవ్వ తెలిసింది నా దగ్గరికే.

కృపక్కకు చెప్తే ఆగుతుందేమో. రోజూ అనుకుంటాను. మిర్యాలగూడ బస్సు మా గల్లీ ముందే ఆగుతుంది. రోజూ చూస్తాను. అది వెళ్లిపోయాక టీ తాగుతాను.

వెంట్రుకలుంటేనే కదా రుద్దుతుంది అని మట్టపల్లి పోయి, నరసింహస్వామికి మొక్కు ఉందని చెప్పి గుండు కొట్టించుకున్నాను. "పేరు తిరుపతి, గుండు మట్టపల్లిలనా?" అని గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు అద్దంలో చూసుకుంటే, నున్నటి గుండు మీద కుడిపక్కన నూనెమరక. బొటనవేలంత. గీతల్లేవు దానికి. ఒక్క గీత కూడా లేదు.

ఇప్పుడు ఆ సిగ్గుమాలిన సంగతి. మూడు పట్టణాల్లో నా అంత ధైర్యవంతుడు లేడన్నాను కదా. ఆ ధైర్యవంతుడు నెల రోజుల నుంచి రాత్రిపూట హెల్మెట్ పెట్టుకుని పడుకుంటున్నాడు. పగలు ఎక్కడైనా కునుకు పడుతుందేమోనని చేతిలోనే మోస్తున్నాడు. నవ్వితే నవ్వండి. గడ్డం కింద బెల్టు బిగించి, ఊడకుండా దాని మీద అమ్మ పాత చీరపేలికతో మూడు ముడులు వేసి, మా అమ్మ పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను. నెల రోజులు బాగానే గడిచింది. దిండు పొడిగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను.

ఇవాళ పొద్దున లేచాను. బెల్టు బిగించినట్టే ఉంది. మూడు ముడులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి, కొయ్యడానికి అమ్మ కత్తెర తేవాల్సి వచ్చింది.

హెల్మెట్ తీశాక లోపల స్పాంజి పిండితే నూనె కారింది. దాంట్లో నాలుగు తెల్లవెంట్రుకలు, కుదుళ్లతో సహా.